తాతగారి హాస్యము – రెండు భాషల సొత్తు

"మా తాత" అను శీర్షికతో వ్యాసము వ్రాయుమని చెప్పినచో మన బాలబాలికలలో పదిమందికి తొమ్మండుగురు ఒకే తీరున వ్రాయుదురు. మా తాతగారు మంచివారు, అందరితోను కలుపుగోలుగా నుండెడివారు, గొప్ప హాస్యప్రియులు, ఎల్లవేళల అందరిని నవ్వించుచుండెడివారు, వారు లేని లోటు తీరనిది. వ్యాకరణదోషము లుండవు. చేవ్రాత ముత్యములవలె నుండును. మార్కులును వచ్చును. కాని చదివినవానికి నవ్వు మాత్రము రాదు. తాతగారు ఏమి చెప్పి నవ్వించిరి? ఎవరితో, ఏ సందర్భమున, ఏ భాషలో చెప్పిరి? ఈ ప్రశ్నలకు ఆ వ్యాసములో సమాధానము దొరకదు. హాస్యమాడువానిని హాస్యప్రియుడని చెప్పి ఊరకుండుట, వంట రుచిగా నున్నదని చెప్పి వడ్డింపకుండుట వంటిది.

ఈ కొరత పిల్లలవలన వచ్చినది కాదు. తాతల మాటలను ఇంటిలో వారి చెవిని వేయవలసినవారు పెద్దలు. అందుచేతనే ఈ పాఠము విద్యార్థులకు గాక వారి తల్లిదండ్రులకు వ్రాయుచున్నాను. ఉదాహరణమునకు మా తాతగారినే తీసికొందును. ఆయన దేశమునకు తెలిసిన మనిషి కాదు, నాలుగెకరముల మెట్ట, ఒక బావి, రెండెద్దులు గల రైతు. ఆయన మాటలు నాకు నోటికి వచ్చును గనుక ఆయనను ఎన్నుకొంటిని.

మాది బట్లహళ్ళి. చింతామణి తాలూకాలోని గ్రామము. ఆ తాలూకా చిరకాలము కోలారు జిల్లాలో నుండి, 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. ఆంధ్రదేశపు సరిహద్దు దూరము కాదు. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో రెండును, భజనలో రెండును. ఇట్టి సీమలో పుట్టినవాని హాస్యము ఒక భాషలో కుదురుగా కూర్చుండదు. ఒక కాలు ఇచట, ఒక కాలు అచట పెట్టి నిలుచును. ఈ విషయము గ్రహించినగాని మా తాతగారి మాటలు అర్థము కావు.

మొదట పల్లి, హళ్ళి అను మాటలనే చూడుడు. తెలుగున పాలు, కన్నడమున హాలు. పులి, హులి, పంది, హంది, పువ్వు, హూవు. పూర్వకాలపు కన్నడమున ఈ మాటలకు పకారమే మొదట నుండెను. సుమారు 10వ శతాబ్ది మొదలుకొని అది క్రమముగా హకారమైనదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా తాతగారి సిద్ధాంతము వేరు. "మన పులి ఈడినుంచి మైసూరికి నడిచిపోయింది నాయనా. పోయేసరికి ఆయాసం. పు అనేదానికి పెదవులు కలవలేదు. హు అనింది, అంతే!" అనెడివారు. పకారము పెదవులు మూసి పలుకవలసిన అక్షరము, హకారమునకు ఊపిరి యొక్కటే చాలును. నవ్వులాటకు చెప్పిన మాటయే యైనను ఉచ్చారణస్థానముల విషయమున అందులో తప్పు లేదు. తరువాతి కాలమున నేను వ్యాకరణము చదివినప్పుడు ఓష్ఠ్యములను ఎవరును నాకు వేరుగ నేర్పవలసిన పని లేకపోయెను.

మా ప్రాంతము నీటికి మొగము వాచినది. ఏడాది పొడుగునను పారు నది ఒక్కటియు లేదు. ఇందులో విచిత్రమేమనగా, నందికొండల చుట్టుపట్లను ఈ మెట్టసీమలోను పుట్టిన నదులు చాల గలవు. పెన్న ఇచట పుట్టి అనంతపురము, కడప, నెల్లూరు సీమలను తడుపును. చిత్రావతి బాగేపల్లిమీదుగా పోయి పుట్టపర్తి చేరును. పాపాఘ్ని కడపసీమలో పెన్నను కలియును. దక్షిణ పినాకినియు పాలారును తమిళదేశమునకు పోవును. మా తాతగారు దీనిని భూగోళశాస్త్రముగా చెప్పలేదు. "ఏర్లన్నీ మనింటి ఆడపిల్లలే. పుట్టేది ఈడ, కాపురం పరాయి ఊర్లో. పండక్కి కూడా రారు" అని వదలిరి. ఆ వాక్యము విన్న పిల్లవానికి అయిదు నదుల జన్మస్థానము ఎన్నటికిని మరపునకు రాదు.

ఇక ఊట అను మాట. తెలుగున ఊట యనగా బావి అడుగున ఊరెడి నీరు. కన్నడమున ఊట యనగా భోజనము. ఒక యేడు వానలు లేక బావి అడుగంటెను. ఆ దినములలో పైరు చూచి పోవుటకు ఒక షేకుదారు గ్రామమునకు వచ్చెను. మైసూరు వైపువాడు, తెలుగు తెలియదు. మర్యాదగా, "ఏను యజమానరే, ఊట ఆయ్తా?" అని కుశలమడిగెను. మా తాతగారు తలపాగ సవరించుకొని, "బావిలో ఊట ఉంటే గదా సామీ, ఇంట్లో ఊట!" అనిరి. చుట్టునున్నవారందరు నవ్విరి. షేకుదారునకు తెలియలేదు. శానుభోగులు చెవిలో వివరించిన పిమ్మట ఆయనయు పకపక నవ్వెను. తాతగారు అంతటితో విడువక, "సామి దగ్గిర ఊట కొంచెం లోతుగా ఉంది. పైకొచ్చేసరికి పొద్దు పోయింది" అనిరి.

ఈ మాటను నేను ఎన్నిమార్లో చెప్పితిని. విన్నవారు నవ్వుదురు. దానివెనుక నున్న దానిని మాత్రము చాలమంది చూడరు. ఆ యేటనే మా కపిల ఎద్దులలో ఒకదానిని అమ్మవలసి వచ్చెను. కపిల యనగా ఎద్దులచేత తోలుసంచితో బావినీరు తోడించు సాధనము. ఎద్దులు వాలుగా త్రవ్విన బాటలో క్రిందికి నడిచినప్పుడు సంచి పైకి వచ్చును. మరల సంచిని బావిలోనికి దింపుటకు అవి అదే బాటలో వెనుకకు నడువవలెను. "కపిలెద్దుకు సగం బతుకు ఎనక్కే. అయినా దాన్ని ఎవడూ ఎనకబడిందని అనడు" అని తాతగారు వేళాకోళము చేసెడివారు. ఎద్దును కొన్నవాడు పగ్గము పట్టుకొని వీథి మలుపు తిరిగిన తరువాత, మిగిలిన ఎద్దును నిమురుచు, "ఇంక నీకు జగడానికి తోడు లేదు. నేనే ఉండాను" అనిరి. మేము నవ్వితిమి. ఆ రాత్రి అవ్వ వడ్డించిన సంగటిని వారు ముట్టలేదు. నవ్వించువారికి దుఃఖము ఉండదని అనుకొనుట తెలియనితనము. పిల్లలు తాతగారి హాస్యమును వ్రాయునప్పుడు, ఆ మాట పుట్టిననాడు ఇంటి పరిస్థితి ఎట్లుండెనో కూడ అడిగి వ్రాయుట అవసరము. షేకుదారు కథను ఎద్దు కథ లేక చెప్పినచో అది ఒట్టి మాటల గారడిగా కనబడును.

చింతామణి సంతకు తాతగారు నడిచియే పోయెడివారు. నాకు అప్పటికి ఎనిమిదేండ్లు. ఒకనాడు నన్ను వెంట తీసికొనిపోయిరి. బొంగరముల అంగడి ముందు నేను కదలలేదు. అంగడివాడు "నాల్కాణె" అనెను. నాలుగణాలు! తాతగారు బొంగరమును క్రింద పెట్టి వెనుదిరిగిరి. అంగడివాడు "బేడవా?" అని కేకవేసెను. కన్నడమున ఆ మాటకు "వద్దా?" అని అర్థము. తెలుగున బేడ యనగా రెండణాలు. తాతగారు చటుక్కున తిరిగి, "బేడకా? బేడకైతే ఇయ్యప్పా!" అని రెండణాల నాణెమును వాని చేతిలో పెట్టిరి. చింతామణి అంగడివానికి రెండు భాషలును వచ్చును. కాబట్టి వాడు నవ్వి, తల గోకికొని, బొంగరము నిచ్చెను. తెలియనివాడై యుండినచో జగడమగును. హాస్యమునకు వినువాని చదువు కూడ మూలధనము.

ఈ మాటకు వచ్చిన గతి వినుడు. 1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున దశాంశ నాణెములు వచ్చినవి. అంతకు పూర్వము రూపాయికి పదునారణాలు. అప్పటినుండి నూరు నయా పైసలు. రెండణాలకు సరియైన లెక్క పండ్రెండున్నర నయా పైసలు. అర నయా పైసకు నాణెమే లేదు. "ఆ అరపైస ఎవరు తింటున్నారో వాని ఊట మాత్రం అయింది" అని తాతగారు కొన్ని దినములు నవ్వించిరి. క్రమముగా బేడ చేతినుండి పోయెను, తరువాత నోటినుండి పోయెను. నేడు ఈ కథ చెప్పవలెనన్న ముందుగా నాణెము చరిత్ర చెప్పవలెను, తరువాత కన్నడపు మాట అర్థము చెప్పవలెను. రెండు వ్యాఖ్యానములు ముగియునప్పటికి శ్రోత గడియారము చూచుకొనును. వ్రాసి పెట్టుకొన్న కుటుంబమునకు మాత్రము ఆ రెండు వివరణలును ప్రక్కనే యుండును. చదువువాడు తీరికగా చదువుకొని, తీరికగా నవ్వుకొనును.

మా చెల్లెలికి ఎక్కములు వచ్చెడివి కావు. ఏడవ ఎక్కము వచ్చుసరికి ఏడ్చెడిది. తెలుగున ఏడు అనగా సంఖ్య, ఏడు అనగా సంవత్సరము, ఏడు అనగా ఏడువుమని ఆజ్ఞ కూడ. కన్నడమున ఏళు అనగా సంఖ్య, మరియు లెమ్మని ఆజ్ఞ. తాతగారు దానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, "తెలుగులో ఏడు అంటే నువ్వు ఏడుస్తావు. అందుకే కన్నడంలో చెప్తాను. ఏళు! లేచి నిలబడు" అనిరి. అది కన్నీళ్ళతోనే లేచి నిలుచున్నది. ఉపాధ్యాయశిక్షణలో ఇట్టి పద్ధతి నేర్పుదురో లేదో నాకు తెలియదు గాని, మా చెల్లెలు ఆ యెక్కమును ఈనాటికిని తప్పు లేకుండ చెప్పును.

అన్నిటికంటె నాకు ప్రియమైనది ఆయన చివరి సంవత్సరములనాటి మాట. నోటిలో పన్ను లేదు. తెలుగు పన్ను కన్నడమున హల్లు. పులి హులి యైన దారిలోనే ఇదియు నడిచినది. తెలుగున హల్లు అనగా అక్షరము. అచ్చులు, హల్లులు అని గదా చదువుకొందుము. మా ఇంటి పసివాడొకడు తెలుగు వాచకము తీసి అరుగుమీద చదువుచుండగా తాతగారు, "ఏమిరా, హల్లులు వచ్చినాయా?" అని అడిగిరి. వాడు "వచ్చినాయి తాతా" అనెను. "నీకు వచ్చినాయి, నాకు పోయినాయి. నాకింక అచ్చులే మిగిలినాయి" అని ఆ, ఈ, ఊ అని బోసినోటితో రాగము తీసిరి. ఇందులో వచ్చుట యను క్రియ కూడ రెండు పనులు చేయుచున్నది. అక్షరము వచ్చుట యనగా నేర్చుకొనుట, పన్ను వచ్చుట యనగా మొలచుట. పండ్లు లేనివాడు త, ద, న వంటి దంత్యములను స్పష్టముగ పలుకలేడనుట కూడ నిజమే. ఒక్క వాక్యములో కన్నడము, తెలుగు, వ్యాకరణము, ముసలితనము అన్నియు ఒదిగినవి. దీనిని "మా తాతగారు హాస్యప్రియులు" అను వాక్యములోనికి కుదించినచో ఏమి పోవునో తల్లిదండ్రులే ఊహింపవలెను.

తాత యను మాటకు మా సీమలో మరియొక గౌరవము గలదు. మా తాలూకాలోని కైవారమున 18వ శతాబ్దిలో జన్మించిన యోగి నారాయణప్పను జనులు నేటికిని కైవారము తాతయ్య యనియే పిలుతురు. గాజులమ్ముకొని జీవించిన గృహస్థు యోగియై, తెలుగునను కన్నడమునను పదములను, కాలజ్ఞానమును చెప్పెను. 1836లో సమాధి పొందెనని సంప్రదాయము. మా తాతగారు భజనలో ఆ పదములు పాడి ఇంటికి వచ్చి, "ఆయన లోకానికంతా తాతయ్య, పదాలు చెప్పినాడు. నేను మీ నలుగురికే తాతను. నాకు ఈ ఎగతాళి చాలు" అనెడివారు. లోకమునకు తాతయైనవాని పలుకులు నిలిచినవి. ఏలనగా వినినవారు వ్రాసికొనిరి, పాడిరి, తెలుగు లిపి రానివారు కన్నడ లిపిలో వ్రాసికొని పాడిరి. నలుగురికి తాతయైనవాని పలుకులను నిలుపవలసినది ఆ నలుగురే.

ఇట్టి పనికి మన ప్రక్కనే ఒక మేలిబంతి గలదు. ముళబాగిలులో 1887లో జన్మించిన డి. వి. గుండప్పగారు కన్నడమున "జ్ఞాపక చిత్రశాలె" అను సంపుటములను రచించిరి. అందు దివానులు, పండితులు, గాయకులతో పాటు తాము ఎరిగిన సామాన్యులకు కూడ చోటు నిచ్చిరి. వారిని పొగడుటకంటె వారు ఏమనిరో, ఏమి చేసిరో చెప్పుటకే ఎక్కువ పుటలు వెచ్చించిరి. కన్నడము చదువ నేర్చిన మన పిల్లలు పై తరగతులలో దానిని చదువుట మేలు.

ఇప్పుడు నన్ను కలత పెట్టు విషయము చెప్పెదను. నేటి మన ఇండ్లలో అవ్వ తెలుగున పిలుచును, మనుమడు కన్నడమున బదులు పలుకును, తండ్రి ఇంగ్లీషున మందలించును. ఆమధ్య ఊట కథను ఇద్దరు పిల్లలకు చెప్పితిని. ఒకడు బెంగుళూరులో పెరిగినవాడు. వానికి ఊట యనగా అన్నమే. బావి ఊటను వాడు చూడలేదు. చూచుటకు మా ఊరిలోను బావులు ఎండిపోయినవి. మా జిల్లాలో గొట్టపుబావులు వేయి అడుగులు దాటినను నీరు దొరుకని చోట్లు గలవు. రెండవవాడు హైదరాబాదున పెరిగినవాడు. వానికి నీటి ఊట తెలియును, అన్నపు ఊట తెలియదు. ఒక్కొక్కని చేతిలో సగము హాస్యమున్నది. ఇద్దరిలో ఎవ్వడును నవ్వలేదు. పిల్లవానికి తెలుగు నేర్పినచో కన్నడము చెడునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. మా తాతగారి సొత్తు అంతయు రెండింటిని కలిపి అనుభవించువానికే దక్కును గదా! కన్నడమును విడిచి తెలుగును మాత్రమే పట్టుకొన్నను అది దక్కదు.

1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణచే 350-ఏ అను అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింపవలెనని అది చెప్పును. మన పాఠశాలకు అట్టి అధికరణములు అండ. కాని బడిగంట మ్రోగిన తరువాతి పని ఇంటిది. లిపి యొక అడ్డంకి కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలమునుండి వచ్చినవి. సుమారు 13వ శతాబ్ది వరకు వానిని తెలుగు-కన్నడ లిపి యను ఒకే పేరుతో వ్యవహరింతురు. కన్నడ మెరిగిన పిల్లవానికి తలకట్టు భేదమును, రూపము మారిన కొన్ని అక్షరములను చూపినచో కొలది వారములలో తెలుగు చదువగలడు.

ఎట్లు వ్రాయించవలెనన్న, ఒక నోటుపుస్తకము ప్రత్యేకముగా నుంచుడు. అవ్వ, పెదతండ్రి, మేనత్త మొదలగువారు ఇంటికి వచ్చినప్పుడు పిల్లవానిచేత అడిగించుడు. "తాత ఎట్టివాడు?" అని అడుగరాదు, "మంచివాడు" అని బదులు వచ్చును, కథ అంతటితో ముగియును. ఎద్దు నమ్మిననాడు ఏమనినాడు, పెండ్లిలో వియ్యంకునితో ఏమనినాడు, వాన రానప్పుడు ఏమనినాడు అని అడుగవలెను. వచ్చిన మాటను వచ్చినట్లే వ్రాయవలెను. "ఈడ" యనినదానిని "ఇక్కడ" యని దిద్దరాదు. "ఉండాను" అనినదానిని "ఉన్నాను" అని చేయరాదు. ఉపాధ్యాయులు కూడ ఆ వ్యాసములలో తాతగారి మాటలపై ఎర్రసిరా వేయకుందురు గాక! కన్నడపు మాట వచ్చినచోట దానిని అట్లే వ్రాసి, అర్థమును క్రింద వ్రాయవలెను. కపిల, బేడ, షేకుదారు వంటి పోయిన మాటలకు రెండు పంక్తుల వివరణ చాలును. కొన్ని ఇండ్లలో తాతగారి మాటలు మోటుగా నుండును. పెద్దలు విని, పిల్లవానికి తగినవి ఏరి ఇయ్యవచ్చును. వానిని మెరుగుపెట్టు పని మాత్రము వలదు.

అర్థము కాని మాటను కూడ విడువక, విన్న ఊరు, చెప్పినవారి వరుస గుర్తువేసి ఉంచవలెను. మా పుస్తకములో అట్టిది ఒకటి గలదు. ఎవడైన అడుగకయే సలహా చెప్ప వచ్చినప్పుడు తాతగారు, "ఇంకేం, మురుగమళ్ళ దారిలో మూడోవాడు వచ్చినాడు" అనెడివారు. ఆ మాట విన్నంతనే ఆయన యీడువారు పొట్ట పట్టుకొని నవ్వెడివారు. అవ్వ నడిగితిని, ఆమెయు నవ్వి, కన్నులు తుడుచుకొని, "అది వాళ్ళ మాటలే" అనెను. మొదటి యిద్దరు ఎవరో, మూడవవాడు ఏమి చేసెనో నాకు తెలియదు. బట్లహళ్ళి, మురుగమళ్ళ, చిలకలనేర్పు ప్రాంతములనుండి వచ్చు తల్లిదండ్రులు మన పాఠశాలలో గలరు. వారి ఇండ్లలో తొంబది యేండ్లు దాటిన పెద్దలెవరైన నున్నచో, ఈ ఒక్క మాటను వారి చెవిని వేసి, వారేమందురో ఒక కాగితముపై వ్రాసి పంపవలసినదిగా కోరుచున్నాను.